డోలీ వార్త ఎవరికి చెప్పాలి

విశాఖలో పేపర్లో పనిచేసిన పదేళ్లలో ఏజెన్సీ మీద మేం వేసిన వార్తల్ని ఈమధ్య ఒక రాత్రి వరసగా తిరగేశాను. కటింగుల ఫైలు ఇంట్లోనే ఉంది. చాలావరకు మూడే మూడు హెడ్డింగులు. చలికాలం వస్తే ‘మన్యం గజగజ’, వానలు పడితే ‘తప్పని డోలీ మోత’, ఏడాది పొడుగునా ‘గంజాయి పట్టివేత’. వాటిలో కొన్ని నేను పెట్టినవే. లంబసింగిలో చలి ఎంతకు దిగిందో మంచు ఫోటోతో సహా మొదటి పేజీలో వేసేవాళ్లం, ఎందుకంటే ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చూసే మనిషికి ఆదివారం కారు తీయాలా వద్దా తెలియాలి. డోలీ ఫోటో వేసేదీ ఆయన కోసమే, చూసి అయ్యో అనుకోవడానికి. ఆ డోలీని భుజాన మోసిన నలుగురికి మా పేపరు చేరేది కాదు. చేరినా చదవగలిగేది వాళ్లలో ఒకరో ఇద్దరో. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు.

వార్త కొండ దిగి వచ్చేది గాని ఎప్పుడూ కొండ ఎక్కలేదు. నేను ఇప్పుడు చేస్తున్న పని మొత్తం దీన్ని తలకిందులు చేయడమే, మన్యం వాళ్ల వార్తలు వాళ్ల భాషల్లో వాళ్లకే వారం వారం ఫోన్లో వినిపించడం.

2020 మార్చి నెలాఖరులో ఒక సంగతి జరిగింది. లాక్‌డౌన్ పెట్టారు, వారపు సంతలు బంద్ అన్నారు, ఆటోకి మైకు కట్టి రోడ్డు పక్క ఊళ్లలో తెలుగులో చెప్పుకుంటూ వెళ్లారు. ముంచంగిపుట్టు వైపు లోపలి గూడేల వాళ్లకి అది వినపడలేదు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని చీకటితోనే బయల్దేరి గంటల తరబడి నడిచి సంతకి దిగారు, దిగేసరికి ఖాళీ మైదానం, పోలీసులు. అక్కడి విలేకరి ఫోన్ చేసి ఫోటోలు పంపాడు. మా డెస్కులో ఆ ఫోటో కింద పడిన హెడ్డింగు ‘లాక్‌డౌన్‌ను లెక్కచేయని గిరిజనం’. నేను ఆ షిఫ్టులోనే ఉన్నాను. మార్చమని అడిగాను, పేజీ వెళ్లిపోయిందన్నారు. మరునాడు ఆ విలేకరి నాకు ఫోన్ చేసి కోపంగా కూడా మాట్లాడలేదు. “వాళ్లకి ఎవరూ చెప్పలేదు సార్, అంతే రాయమన్నాను” అన్నాడు. ఆ ఏడాది చివర్లో నేను ఉద్యోగం మానేశాను.

ఆ విలేకరి సంగతి కూడా చెప్పాలి. తెలుగు పత్రికల్లో గ్రామీణ విలేకరికి జీతం ఉండదని చాలామంది పాఠకులకు తెలియదు. లైన్ అకౌంట్ అంటారు, అచ్చయిన వార్త పొడవు కొలిచి డబ్బు కట్టడం. రోజంతా కొండెక్కి దిగి తెచ్చిన వార్త నాలుగు లైన్లకు కుదిస్తే నాలుగు లైన్ల డబ్బే. పైగా ప్రకటనలు తేవాలి. ప్రకటన ఎవరిస్తారు? మండలంలో కాంట్రాక్టరు, వ్యాపారి, నాయకుడు. రేపు వాళ్ల మీద వార్త వస్తే అతను రాయగలడా? ఇందులో ఆ మనిషి తప్పు ఏమీ లేదు. అందుకే మా దగ్గర మొదటి నియమం, డబ్బు లైనుకి కాదు, రోజుకి. వార్త వచ్చినా రాకపోయినా, నడిచిన రోజుకి కూలి.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది, పాడేరు జిల్లా కేంద్రం అయింది. అంతకుముందు సముద్రం, కొండ రెండూ ఒకే విశాఖ జిల్లా. కలెక్టరేట్‌లో పని పడితే పాడేరు మనిషి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి ఇక్కడికి రావాల్సిందే. జిల్లా విడిపోవడం మంచిదే, కానీ మనసులో నగరానికీ మన్యానికీ మధ్య గీత ఇంకొంచెం గట్టిపడిందని నాకు అనిపిస్తుంది, అవి వాళ్ల జిల్లా వార్తలు కదా అన్నట్టుగా. రోగం ముదిరితే ఇప్పటికీ దిగేది విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే, పైచదువుకి వచ్చేది ఆంధ్రా యూనివర్సిటీకే, కూలికి వచ్చేదీ ఇక్కడికే. అందుకే నేను విశాఖలో ఉండే ఈ పని చేస్తున్నాను, నెలలో సగం రోజులు పైన, సగం రోజులు కింద.

నిజానికి ఊరి వార్త ఆ ఊరికే చెప్పాలన్న ఆలోచన మనకు కొత్త కాదు, ఈ నగరంలోనే అది పెద్దదైంది. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలోనే మొదలైంది. అప్పటిదాకా విజయవాడలో అచ్చయిన పేపర్లు ఇక్కడికి ఆలస్యంగా వచ్చేవి. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు, అందులో మన జిల్లా వార్త, తర్వాతి రోజుల్లో జిల్లా ఎడిషన్లు, ఇదంతా తెలుగు పాఠకుడికి అలవాటైంది. ఆ గౌరవం మన్యంలో కువి భాష మాట్లాడే ముసలమ్మకు కూడా దక్కాలి అన్నదే నా వాదన. అంతకంటే పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు.

బయట ఇలాంటి పని చేసిన వాళ్లు ఉన్నారు. 2002లో చిత్రకూట్‌లో ఆడవాళ్లే విలేకరులుగా బుందేలీలో మొదలుపెట్టిన ఖబర్ లహరియా పత్రిక, 2010లో ఛత్తీస్‌గఢ్ గోండు ప్రాంతాల్లో మామూలు ఫోన్ నుంచి వార్త చెప్పి, ఫోన్లోనే వినే ఏర్పాటు చేసిన సీజీనెట్ స్వర, 2014లో జర్నలిస్టు సాయినాథ్ గారు మొదలుపెట్టి ఒకే కథనాన్ని ఎన్నో భాషల్లోకి తెస్తున్న పరీ వెబ్‌సైట్. మొదటిదాని దగ్గర విలేకరి ఎవరు అన్నది నేర్చుకున్నాను, రెండోదాని దగ్గర గొంతు.

గొంతు అని ఎందుకంటున్నానంటే, మన విశాఖ మన్యంలో భాషల లెక్క అంత తేలిక కాదు. సంతల్లో ఎక్కువగా నడిచేది ఆదివాసీ ఒరియా, దేశియా అని కూడా అంటారు, కొటియాల ఇంటి భాష, మిగతా తెగల వాళ్లు కూడా బేరాలకు వాడతారు. కోదుల భాష కువి, ద్రావిడ భాష, మన తెలుగుకి దూరపు చుట్టం. కొండదొరల్లో కొందరి ఇళ్లలో కొండ భాష ఉంది, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు వైపు తిరిగి దాని వ్యాకరణం రాసి 1969లో ప్రచురించారు. గదబల్లో పాతతరం మాట్లాడే గుతోబ్ ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది. పోర్జలది మళ్లీ వేరే. భగతలు, వాల్మీకులు చాలావరకు తెలుగు. కూరగాయలు పండించే మాలీలు ఉన్నారు, మైదానం నుంచి ఎప్పుడో ఎక్కి స్థిరపడ్డ వ్యాపారులు ఉన్నారు. ‘గిరిజనులు’ అని ఒక్క మాటలో రాసేస్తాం గాని ఒకే సంతలో ఐదారు భాషలు వినపడతాయి.

ఈ భాషలకు మన రాష్ట్రంలో బడిపుస్తకాలు తెలుగు లిపిలో వేశారు, ఇరవై ఏళ్ల కిందటే, అది మంచి పని. కానీ ముంచంగిపుట్టు దాటి మాచ్‌ఖండ్ అవతల ఒడిశాలోకి వెళితే అక్కడి కువి పిల్లలు ఒడియా లిపి చూస్తారు. అక్కాచెల్లెళ్లు సరిహద్దుకు ఇటొకరు అటొకరు ఉంటారు, ఒకే భాష మాట్లాడుకుంటారు, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. గొంతుకి ఆ గొడవ లేదు. అందుకే మేం ముందు చెప్పి, తర్వాత రాస్తాం. వారానికి ఒక బులెటిన్, తెలుగు, ఆదివాసీ ఒరియా, కువి మూడింటిలోనూ. సైట్‌లో రాత ఉంటుంది, కానీ అది విశాఖలో చదువుకునే పిల్లల కోసం, ఆఫీసర్ల కోసం, రికార్డు కోసం.

బులెటిన్ ఆరు నిమిషాలు దాటకూడదని పెట్టుకున్నాం. వాయిస్‌కి సరిపడా కుదించి పదహారు కిలోబిట్లలో సేవ్ చేస్తే నిమిషానికి నూట ఇరవై కేబీ, ఆరు నిమిషాలకు ఏడువందల ఇరవై. ఒక ఎంబీ కూడా కాదు. సెల్ టవర్ కింద రెండు నిమిషాలు నిలబడితే దిగిపోతుంది. టవర్లు ఈమధ్య చాలానే వచ్చాయి, అయినా సిగ్నల్ ఉండేది రోడ్డు పక్క. గూడెంలోంచి మనిషి సంతకి వచ్చినప్పుడే ఫోన్‌కి సిగ్నల్ తగులుతుంది, అప్పుడే బులెటిన్ దిగుతుంది, అక్కడే ఒకరి ఫోన్‌లోంచి ఇంకొకరి ఫోన్‌లోకి బ్లూటూత్‌లో వెళుతుంది, సాయంత్రానికి కొండెక్కుతుంది. సెల్‌ఫోన్ రీచార్జ్ బడ్డీ పెట్టుకున్న కుర్రాడు మాకు పేపర్ బాయ్ లాంటి వాడు. మెమరీ కార్డులో పాటలు వేయించుకోవడానికి వచ్చిన వాళ్లకి అడిగి మరీ బులెటిన్ కూడా వేసి పంపుతాడు.

ఇక డోలీ. పోయిన వానాకాలం ఒక గూడెం నుంచి నిండు చూలాలిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. వీడియో నాకూ వచ్చింది. పాత అలవాటు ప్రకారమైతే పావుగంటలో వేసేయొచ్చు. మా వాళ్లు ముందు ఆమె ఎలా ఉందో కనుక్కున్నారు, తల్లీబిడ్డా క్షేమం. ముఖం కనపడే వీడియో వద్దనుకున్నాం. తర్వాత మా కువి విలేకరి అడిగిన ప్రశ్న నన్ను ఆపేసింది. “అన్నా, వాళ్లని డోలీలో మోసినట్టు వాళ్లకే చెప్తామా? వాళ్లకి తెలుసు కదా.”

సరిగ్గా అదే. నగరానికి డోలీయే వార్త. ఆ గూడేనికి వార్త ఏంటి? రోడ్డు ఎందుకు లేదు అన్నది. అడిగితే అటవీ అనుమతి రాలేదని ఏళ్లుగా అందరూ చెప్తున్న సమాధానమే దొరికింది. అప్పుడు మేం 2006 అటవీ హక్కుల చట్టం తీశాం. సెక్షన్ 3(2) ఉంది అందులో. బడి, అంగన్‌వాడీ, మంచినీరు, రోడ్డు లాంటి పదమూడు రకాల పనులకు, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి అయితే, హెక్టారుకి డెబ్భై ఐదు చెట్ల కంటే ఎక్కువ కొట్టనక్కర్లేకపోతే, గ్రామసభ సిఫారసు చేస్తే, డివిజనల్ అటవీ అధికారి (డీఎఫ్‌వో) స్థాయిలోనే అనుమతి ఇవ్వొచ్చు. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మూడు మీటర్ల వెడల్పున మూడు కిలోమీటర్లు వేసినా తొమ్మిది వేల చదరపు మీటర్లు, అంటే హెక్టారు లోపే. ఆ గూడేనికి రోడ్డుకి మధ్య ఉన్నది అంతకంటే తక్కువ దూరం.

ఇదీ ఆ వారం బులెటిన్. ఏ మాట ఎక్కడ రాయాలి, కాగితం ఎవరికి ఇవ్వాలి, రశీదు ఎందుకు తీసుకోవాలి, నాలుగు నిమిషాలు అదే. నేను పదేళ్లలో ఎన్ని డోలీ వార్తలు దిద్దానో లెక్క లేదు. ఒక్కదాంట్లో కూడా ఈ సెక్షన్ రాయలేదు. కాఫీ తాగుతూ పేపరు చూసే ఆయన అయ్యో అనుకోవడానికి ఇది అక్కర్లేదు కాబట్టి.

కాఫీ సంగతి కూడా అలాంటిదే. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అందరం గర్వంగా రాశాం. 2025లో అరకు వైపు తోటల్లో కాయ తొలుచు పురుగు కనపడింది. తెగులు కంటే ముందు పుకారు నడిచింది, మొక్కలే నరికేస్తారట అని మాకు వరసగా వాయిస్ మెసేజ్‌లు. అలా అనుకున్న రైతు ఏం చేస్తాడు? పురుగు పట్టిన సంగతి దాచిపెడతాడు, లేదా కాయల్ని గబగబా బయటికి అమ్మేస్తాడు, దాంతో పురుగు పక్క కొండకి పాకుతుంది. చేయాల్సింది ఏమిటంటే పట్టిన కాయల్ని కోసి వేడినీళ్లలో ముంచి గోతిలో పాతాలి, రాలిన కాయ నేల మీద వదలకూడదు, ఆ తోటలో వాడిన గోనెసంచి వేరే తోటకి పోకూడదు. ఈ నాలుగు ముక్కలు కువిలో, ఒరియాలో వాళ్ల పక్కింటి గొంతుతో వినపడాలి. మాకు ఎక్కువగా తిరిగొచ్చిన ప్రశ్నలు ఆ బులెటిన్‌కే. ఒకాయన వారం తర్వాత ఫోన్ చేసి గోతి ఎంత లోతు తవ్వాలో చెప్పలేదేం అని నిలదీశాడు, నిజమే, చెప్పలేదు, కనుక్కుని మళ్లీ చెప్పాం.

డబ్బు గురించి అడుగుతారు అందరూ. విశాఖలో ఉద్యోగాలు చేస్తున్న ఏజెన్సీ వాళ్లు, నర్సులు, టీచర్లు, స్టీల్‌ప్లాంట్ వాళ్లు, నెలనెలా కొంత వేస్తారు. కాఫీ, మిరియాలు కొనే చిన్న కంపెనీలు కొన్ని ముందుకొచ్చాయి గాని రైతుకి ధర చెప్పే చోట కొనేవాడి డబ్బు తీసుకోలేం. నా ఇల్లు రాత్రిళ్లు చేసే అనువాదాలతో నడుస్తోంది. ఒకసారి మాత్రం పెద్ద ప్రకటన వచ్చింది, అరకు దగ్గర కాటేజీ స్థలాలు, బుకింగ్ మొదలు. ఆ డబ్బు తీసుకుంటే ముగ్గురికి ఆరు నెలలు కూలి ఇవ్వొచ్చు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. 1/70 అని ఏజెన్సీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, 1959 రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అక్కడే అనంతగిరి మండలం నుంచి మొదలైన, గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ గీతను ఇంకా గట్టిగా గీసింది. ఆ గీత దాటించే ప్రకటన మా గొంతుతో ఎలా చదువుతాం? వద్దన్నాను. ఆ వారమే 1/70 అంటే ఏమిటి, బినామీ పేరు మీద ఎలా కొంటారు అని బులెటిన్ చేశాం.

భయం లేదని చెప్పను. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను మావోయిస్టులు చంపాక, ప్రశ్నలు అడుగుతూ గూడేలు తిరిగే మనిషిని పోలీసులూ మావోయిస్టులూ రెండు వైపులా అనుమానంగా చూసిన రోజులు నాకు గుర్తే. ఇప్పుడు పరిస్థితి మారింది. అయినా మా విలేకరులకి కట్టుబాటు ఉంది, ఈ దారిన ఎవరు వెళ్లారు అన్న ప్రశ్న ఎప్పుడూ ఎవరినీ అడగకూడదు. గంజాయి కేసుల్లో పట్టుబడ్డ కూలీ కుర్రాళ్ల ఫోటోలు వేయం. మైనర్ల పేర్లు అసలు వేయం.

ఫలానా తెగ వార్తలే ఎక్కువ వస్తున్నాయని ఇంకో తెగ వాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. గుతోబ్‌లో మాకు ఇంతవరకు గొంతు లేదు, ఉన్న ఇద్దరు పెద్దవాళ్లు మైకు ముందు కూర్చోవడానికి ఒప్పుకోలేదు, వాళ్ల ఇష్టం. నేనైతే అనకాపల్లి వైపు మైదానం మనిషిని. ఏది వార్త అన్నది చివరికి నేను తేల్చడం సరికాదని ఏడాది కిందట వారం వారం మీటింగ్ పాడేరుకి మార్చాం, అక్కడ నాది ఒక్క ఓటే. డిజిటల్ వార్తలకి 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. ఆ అధికారిగా నా పేరే పెట్టాం. ఫిర్యాదు రాసి పంపనక్కర్లేదు, ఏ భాషలోనైనా వాయిస్‌లో పెట్టొచ్చు. వచ్చిన మొదటి ఫిర్యాదు మా కువి మీదే, అది కొండకి అటువైపు కువి, మా వైపు అలా అనం అని.

మా కువి విలేకరి ఇంతకుముందు బడిలో మాతృభాషా వలంటీరుగా చేసింది, అందుకే ఓపిక ఎక్కువ. పోయిన వారం గ్రామసభ కోరం గురించి బులెటిన్. అటవీ హక్కుల నిబంధనలకు 2012లో చేసిన సవరణ ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సగం, మూడో వంతు అని కువిలో చదివితే తనకే వినబుద్ధి కాలేదట. చెరిపేసి మళ్లీ చెప్పింది, మన ఊళ్లో పెద్దవాళ్లు అరవై మంది అనుకో, ముప్ఫై మంది కూర్చోవాలి, ఆ ముప్ఫైలో పది మంది ఆడవాళ్లు, తక్కువైతే అది సభ కాదు.

నిన్న సంత రోజు. సాయంత్రం ఒకామె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల మేకల గంటలు, గాలి హోరు. మా కువి విలేకరి అర్థం చెప్పింది. ఆ ఊళ్లో గ్రామసభ జరిగిందని కాగితం ఉందట, దాని మీద ఆడవాళ్ల వేలిముద్రలు ఉన్నాయట, కానీ సభకి తమని ఎవరూ పిలవలేదని, వేలిముద్రలు బియ్యం ఇచ్చేటప్పుడు తీసుకున్నారని చెబుతోంది. ఎనిమిది మంది పేర్లు వరసగా చెప్పింది. వచ్చి మాట్లాడించమంది.

రేపు తెల్లవారుజామున ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు ఎక్కుతున్నాను. మా కువి విలేకరి అక్కడ కలుస్తుంది, దిగాక నడక మూడు గంటలట. రికార్డర్ ఛార్జింగ్‌లో పెట్టాను.